మార్కండేయులు చాటిన ఆఖరి రోజులు

చీరాలకు నాలుగు మైళ్ల దూరంలోని సాలిపేటలో మార్కండేయులు అనే మైకు ప్రచారకుడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఉన్న మాట ఉన్నట్టు చెబితే నాలుక అరిగిపోతుందన్నట్టు ప్రతిదాన్నీ గోరంతను కొండంత చేసి చెప్పేవాడు.

అతనికో ఆటో ఉండేది. దాని నెత్తిన రెండు మైకులు ఉండేవి. ఊరికి సర్కసు వచ్చినా, కళ్లజోళ్ల శిబిరం పెట్టినా, బట్టల కొట్టువాళ్లు ధరలు తగ్గించినా ఆ సంగతి వీధి వీధినా చెప్పే పని అతనిదే. సర్కసులో ఉన్నది ఒక్క ముసలి ఒంటె అయితే, "అడవి అడవంతా దిగివచ్చింది" అనేవాడు. వారం రోజుల అమ్మకానికి "ఈ ఒక్క రోజే" అనేవాడు. బస్టాండు దగ్గరి బట్టల కొట్టుకు అతను చేసిన ప్రచారాన్ని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. "దుకాణం ఎత్తేస్తున్నాం! ఆఖరి మూడు రోజులే! ఆలసించిన ఆశాభంగం!" అని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. జనం ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి చీరలు కొన్నారు. ఆ ఆఖరి మూడు రోజులు నాలుగేళ్లు సాగాయి. కొట్టు ఎత్తేయడం మాట అటుంచి, ఆ షావుకారు పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాడు.

"మాటకు కాస్త మసాలా తగలాల. లేకపోతే చెవికెక్కదు," అనేవాడు మార్కండేయులు. ఊరివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుతూనే, అతను పది అంటే రెండు అనుకునేవాళ్లు.

అతని పెదనాన్న కూతురు హైమవతి అతనికి పూర్తిగా ఎదురు. ఆమె రెండు మాటల్లో అయిపోయేదాన్ని మూడో మాట దాకా సాగనిచ్చేది కాదు. చీరాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆ ఊళ్లో ఆమెకున్న గౌరవం మాత్రం కాలేజీ వల్ల వచ్చింది కాదు, 'అంచు' వల్ల వచ్చింది.

సాలిపేట చీరల అందమంతా అంచులో ఉంటుంది. అందులో హంసలు, మామిడి పిందెలు, గుడి గోపురాలు బారులు తీరి ఉంటాయి. ఆ బొమ్మ మగ్గం మీదికి రావాలంటే ముందు గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడినీ నింపుతూ గీయాలి. దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. మగ్గం నెత్తిన ఉండే జాకార్డు ఆ బెజ్జాలను బట్టి పోగులను పైకి లేపుతుంది. ఒక్క గడి తప్పిందా, హంసకు ముక్కు వంకరపోతుంది. హైమవతి తండ్రి ముప్పయ్యేళ్లు ఆ గళ్లు నింపీ నింపీ, చివరికి చూపు మందగించి ఇంట్లో కూర్చున్నాడు.

తండ్రి పడిన పాట్లు చూసిన కూతురు ఆ పని కంప్యూటరుకు నేర్పింది. బొమ్మ గీసి ఇస్తే గళ్లు అదే నింపేది. పది రోజుల పని ఒక్క పూటలో తెమిలేది. దానికి 'అంచు' అని పేరు పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోండని ఇచ్చేసింది. అంతేకాదు, దాని లోపలి రాతను, అంటే కోడ్‌ను కూడా అందరి ముందూ పెట్టింది. పులిహోర పంచిపెట్టి, ఎలా కలిపామో కూడా రాసి ఇచ్చినట్టన్నమాట. ఎవరైనా చూసుకోవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఇలాంటి వాటిని ఓపెన్ సోర్స్ అంటారు. నారాయణపేట నుంచి రాజేశ్వరి అనే ఆమె ఆ రాత చదివి, తమ ఊరి చీరలకు పనికొచ్చేలా కొంత మార్చి, ఆ మార్పును హైమవతికే పంపింది. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే కలిసి పనిచేస్తున్నారు.

అంచుకు ఒక్కటే లోటు. అది కంప్యూటర్లోనే నడిచేది. సాలిపేటలో కంప్యూటర్ ఉన్నది మూడు చోట్లే. చేతిలో ఫోను లేని నేతగాడు మాత్రం ఒక్కడూ లేడు. అంచును ఫోనులోకి తేవాలన్నది హైమవతి కోరిక. అందుకు ఏడాదిపాటు పాఠాలు మానేసి కూర్చోవాలి. పాఠాలు మానేస్తే ఇల్లు గడవదు. అందుకని ఇంటర్నెట్లో ఒక పేజీ తెరిచి, అంచును మెచ్చినవాళ్లు తలా కాస్త వేయమని అడిగింది. దీన్నే క్రౌడ్‌ఫండింగ్ అంటారు. నలభై అయిదు రోజుల గడువు. ఆలోగా అనుకున్న మొత్తం చేరకపోతే, వచ్చిన డబ్బంతా ఇచ్చినవాళ్లకే వెనక్కి వెళ్లిపోతుంది.

ప్రచారానికి తమ్ముడుండగా ఇంకొకరెందుకని ఆమె మార్కండేయులును పిలిచి ఒక కాగితం చేతికిచ్చింది. అతను పైకి చదివాడు. "అంచు ఆరేళ్లుగా పనిచేస్తోంది. దీన్ని ఫోనులోకి తేవడానికి ఏడాది పడుతుంది. మీకు ఇష్టమైతే తలా కాస్త వేయండి."

"మిగతాది ఏదక్కా?" అన్నాడు కాగితం వెనక్కి తిప్పి చూస్తూ.

"అంతేరా."

"ఇష్టమైతే ఏందక్కా, ఇష్టమైతే! పెళ్లికి పిలుస్తా 'వస్తే రండి, రాకపోతే మానండి' అన్నట్టుంది. ఇట్టా చెబితే సొంత అత్తగారు కూడా రాదు."

హైమవతి నవ్వింది. "ఉన్నది అదేగా. కాగితంలో ఉన్నదే చదువు, ఒక్క మాట కలపబాకు."

"ఒట్టు. ఒక్క మాట కలపను," అన్నాడు మార్కండేయులు.

పది రోజులు అతను ఒట్టు నిలబెట్టుకున్నాడు. పాపం, చప్పిడి కూడు తింటున్నవాడిలా ముఖం పెట్టుకుని, ఆ మూడు వాక్యాలే వీధి వీధినా చదివాడు. జనం విన్నారు, తలలూపారు, "చూద్దాంలే" అన్నారు. ఎక్కడో ఒకరూ అరా డబ్బు వేశారు. పదకొండో రోజున ఫోనులో చూసుకుంటే రావలసిన దానిలో పదో వంతు కూడా రాలేదు. మార్కండేయులుకు నిజంగానే దిగులేసింది. అక్క ఆరేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోతుందేమోనని మనసు కొట్టుకుంది. ఆ దిగులులోనే అతని పాత బుద్ధి మెల్లగా తల ఎత్తింది. దుకాణం ఎత్తేస్తున్నామంటే చీరలకే జనం అంతలా విరగబడ్డారు, అంచుకు విరగబడరా అనుకున్నాడు.

అప్పుడే హైమవతి తండ్రికి కంటి ఆపరేషన్ చేయించడానికి గుంటూరు వెళ్లింది. వారం దాకా రాదు. ఆ మర్నాడు పొద్దున్నే సాలిపేట వీధుల్లో ఏడుపు రాగంలో సన్నాయి వినిపించింది. దాని వెనకే మార్కండేయులు గొంతు వినిపించింది.

"అయ్యలారా, అమ్మలారా! అంచు ఆఖరి శ్వాస విడుస్తోంది! ఈ నెలాఖరుకు మూత! మీరు ఆదుకోకపోతే మీ హంసలు, మీ మామిడి పిందెలు అన్నీ గాలిలో కలిసిపోతాయి! ఆఖరి రోజులు బాబూ, ఆఖరి రోజులు!"

ఇదే మాటలకు బొమ్మలు జోడించి ఫోనుల్లో కూడా తిప్పాడు. ఊరూ పేరూ తెలియని దయగల మనుషులు ఎక్కడెక్కడివాళ్లో అయ్యో పాపమని డబ్బు వేశారు. రెండు రోజులు అంకె గబగబా పైకెక్కింది. మార్కండేయులు పునుగుల బండి దగ్గర నిలబడి, వేడి పునుగులు నములుతూ, కనబడిన ప్రతివాడికీ ఫోను చూపించాడు. "మసాలా అంటే ఏందో చూశారా?" అన్నాడు.

మూడో రోజు అంకె ఆగిపోయింది. నాలుగో రోజూ కదలలేదు. అయిదో రోజు అట్టలు కొట్టే నాంచారమ్మ అతని ఆటోకు అడ్డం వచ్చి నిలబడింది.

"ఏందయ్యా మార్కండేయులూ, నా పొయ్యిలో నీళ్లు పోశావు?"

"నేనేం చేశాను పిన్నీ?"

"నాలుగు రోజులైంది, కొత్త అట్ట కొట్టించినవాడు లేడు. అందరూ వచ్చి పాత డిజైన్లన్నీ కాగితం మీద తీసిచ్చేయమంటున్నారు. ఒక అంచు మగ్గమెక్కితే ఏడాది నడవాలయ్యా. నడుమ అట్ట చిరిగితే మళ్లీ అదే అట్ట కొట్టుకోవాల. నీ మాటలో సగం తీసేసినా, మూతపడేదాన్ని నమ్ముకుని ఎవడు మగ్గం ఎక్కిస్తాడు? రామలింగయ్య గారు నేతగాళ్ల సంఘంలో మాట్లాడి, అంచు లాంటిదే పట్నం కంపెనీదేదో వాయిదాల మీద కొనిపిస్తన్నారంట. సోమవారం తీర్మానం."

రామలింగయ్య నలభై మగ్గాలు నడిపించే ఆసామి. ఆయన ఏ దారి పడితే సంఘం ఆ దారే పడుతుంది. సాలిపేటే వదిలేసిన అంచుకు పరాయి ఊరివాళ్లు డబ్బెందుకు వేస్తారు? మార్కండేయులు ఊరిని తన వైపు లాక్కుందామని వేసిన గాలం, ఊరిని అవతలి ఒడ్డుకు తరిమింది.

ఆ మధ్యాహ్నమే హైమవతి అనుకున్నదానికన్నా ముందే గుంటూరు నుంచి దిగింది. ఆమెకు సంగతి ముందే తెలిసిపోయింది. నారాయణపేట రాజేశ్వరి ఫోన్ చేసి అడిగిందట: "అక్కా, బంద్ చేస్తున్నరంట గదా, నాతోని ఒక్క మాటన్న చెప్పలేదు. బంద్ అయ్యేదానికి నేనెందుకు కష్టపడాలె?" అంచును ఫోనులోకి తేవడానికి తాను సగం రాసి ఉంచిన భాగాన్ని రాజేశ్వరి పక్కన పెట్టేసింది కూడా.

మార్కండేయులు తల దించుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నీ మేలు కోరే చేశానక్కా," అన్నాడు.

"తెలుసురా. అందుకే నాకు కోపం కూడా సరిగా రావట్లేదు," అంది హైమవతి. "దుకాణం మూసేస్తన్నామంటే చీరలు కొనడానికి జనం వస్తారు. కొనుక్కుని వాళ్ల దారిన వాళ్లు పోతారు. మూసేసే బళ్లో పిల్లల్ని ఎవరైనా చేర్పిస్తారా? అంచు కొనుక్కుపోయే చీర కాదు, రోజూ నమ్ముకోవాల్సిన బడి. దాని గొప్పతనమే అది ఆగకపోవడంరా. లోపలి రాత అందరి దగ్గరా ఉంది. రేపు నేను లేకపోయినా ఇంకొకరు నడిపిస్తారు. నువ్వు ఆ ఒక్క మాటనే తలకిందులు చేశావు."

మార్కండేయులుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జీవితంలో అతను ఎన్నో గొప్పలు చెప్పాడు గానీ, ఆ గొప్పల వల్ల తన మనిషి నష్టపోవడం చూడడం అదే మొదటిసారి. "నేను కట్టిన ముడి నేనే విప్పుతానక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆటో మళ్లీ అవే వీధుల్లో తిరిగింది. ఈసారి సన్నాయి లేదు. "అయ్యా, అంచు మూతపడట్లేదు. నేను చెప్పింది అబద్ధం. అంచు బాగానే ఉంది. ఎప్పటిలాగానే నడుస్తుంది," అని చెబుతూ పోయాడు.

జనం వాకిళ్లలోకి వచ్చి విన్నారు. విని నవ్వారు. "ఏమయ్యోయ్, చచ్చింది లేచి కూర్చుందా?" అన్నాడొకాయన నూలు చుడుతూ. "మొన్న మూత అంటివి, ఇయ్యాళ బాగుంది అంటివి. రేపటి పాట ఏందో అదీ ఇప్పుడే చెప్పిపో నాయనా," అంది ఇంకొక ముసలమ్మ. అతను ఒట్టేశాడు. ఒట్టేసేసరికి ఇంకా పకపకా నవ్వారు. ఊరి చివరికి వచ్చేసరికి మార్కండేయులు మైకు కట్టేశాడు. తన గొంతుకు చెల్లుబాటు లేదని అతనికి ఆ రోజే తెలిసివచ్చింది. అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మింది, నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మడం లేదు. ఇంతకంటే శిక్ష ఏముంటుందని చాలా బాధపడ్డాడు.

సోమవారం వచ్చింది. సంఘం వరండాలో పాతిక మంది దాకా కూర్చున్నారు. కంపెనీ తరఫున వచ్చినాయన తోలు సంచీ ఒళ్లో పెట్టుకుని చివర కూర్చున్నాడు. హైమవతి, నాంచారమ్మ ఒక పక్కగా ఉన్నారు. మార్కండేయులు ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది బాబాయ్," అన్నాడు రామలింగయ్యతో. "మూత అన్నది నా నోటి నుంచి పుట్టిన మాట. అక్క ఊళ్లో లేనప్పుడు చాటాను. అక్కకు తెలియదు."

రామలింగయ్య మీసం సవరించుకున్నాడు. "మూత అన్నది నీ మాటే. కాదన్నదీ నీ మాటే. రెండిట్లో దేన్ని నమ్మమంటావు? సరే, నీ సంగతి వదిలెయ్. మూయనని హైమవతి అన్నా, నేను అడిగేది ఒక్కటే. నలభై మగ్గాల కూడు దీని మీద ఉంది. రేపు హైమవతికి ఒంట్లో బాగోలేకపోతే మా గతేంది?"

"ఇంకొకరు చేస్తారు బాబాయ్. లోపలి రాత అందరి దగ్గరా ఉంది," అంది హైమవతి.

"అందరూ చేస్తారంటే ఎవరూ చేయరనేగా అమ్మా అర్థం. నాకు చెప్పడం కాదు, చూపించండి. మన వెడల్పు అంచు వేసినప్పుడల్లా హంస మెడ దగ్గర ఒక పోగు తెగినట్టు వస్తది. ఏడాది నుంచి చెబుతున్నా. దాన్ని నువ్వు వేలు పెట్టకుండా సరిచేయించు, చూద్దాం."

కంపెనీ ఆయన తోలు సంచీ సర్దుకుని చిన్నగా దగ్గాడు. హైమవతి మార్కండేయులు వైపు చూసింది. అతను ఫోను తీసి నారాయణపేటకు చేశాడు. అందరికీ వినపడేలా పెట్టి, "రాజేశ్వరమ్మా, నేను హైమక్క తమ్ముణ్ణి. మూత అని చాటిన దొంగ నోరు నాదే. క్షమించు తల్లీ," అన్నాడు.

"నువ్వేనా అన్నా! నిన్ను నారాయణపేటకు తోల్కొచ్చి మగ్గం గుంతల కూసోబెట్టాలె," అంది రాజేశ్వరి. వరండా అంతా గొల్లున నవ్వింది. అతను నవ్వలేదు. హంస మెడ సంగతంతా వివరంగా చెప్పి, ఎంతసేపు పడుతుందని అడిగాడు.

"చూసినంక గని చెప్పలేనన్నా. రెండు దినాలు పట్టొచ్చు. నాతోని కాకపోవచ్చు గూడ. ఆ తావు నేను రాసింది గాదు, చదువుకోవాలె," అంది.

ఫోను పెట్టేశాడు. యాస వల్ల రాజేశ్వరి మాటల్లో సగం వెనక ఉన్నవాళ్లకు అందలేదు. "ఏమంటదయ్యా?" అని అరిచారు. మార్కండేయులు నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. గంటలో చేసేస్తుందట అంటే చాలు, ఆ తీర్మానం ఇప్పటికి ఆగిపోతుంది. తర్వాత సంగతి తర్వాత. కంపెనీ ఆయన కాగితాలు పైకి తీస్తున్నాడు. సంతకాలు పడితే అక్క పని అంతటితో సరి.

ఆ మాటను అతను గుటక వేసి మింగేశాడు. "రెండు రోజులు పట్టొచ్చంట," అన్నాడు. "ఆమె వల్ల కాకపోవచ్చు కూడానంట."

కంపెనీ ఆయన కలం మూత తీశాడు. రామలింగయ్య మాత్రం మార్కండేయులు ముఖంలోకి చాలాసేపు చూశాడు. చూసి, మెల్లగా నవ్వాడు.

"ముప్పయ్యేళ్ల నుంచి వింటున్నానురా నీ గొంతు," అన్నాడు. "చిన్నప్పుడు గోలీలాట నుంచీ నీకు ఓటమన్నదే లేదు. 'కాకపోవచ్చు' అన్న మాట నీ నోట వినడం ఇదే మొదలు. ఇప్పుడు నమ్ముతున్నా. గురువారం దాకా ఆగుదాం. కలం మూత పెట్టండి సారూ."

బుధవారం సాయంత్రం మార్కండేయులే ఆసామి ఇంటికి వెళ్లి, "ఇంకా కాలేదు బాబాయ్. ఇంకో పూట అడుగుతోంది," అని చెప్పి వచ్చాడు. ఎవరూ అడక్కముందే తన లోటు తాను చెప్పుకోవడం కాకరకాయ నమిలినట్టు ఉంది. కానీ చెప్పి బయటికి వచ్చాక ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

గురువారం పదింటికి రాజేశ్వరి సరిచేసిన భాగం పంపింది. నాంచారమ్మ దాన్ని తీసుకుని అట్టలు కొట్టింది. హైమవతి దూరంగా, చేతులు కట్టుకుని కూర్చుంది. రామలింగయ్య మగ్గం మీద అట్టలు ఎక్కించారు. నేతగాడు తొక్కుడుపలక తొక్కాడు, పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తింది. పోగు పోగుకీ హంస పైకి వచ్చింది. ముక్కు వచ్చింది, తల వచ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకు వంగారు. మెడ నున్నగా, నిండుగా వంపు తిరిగింది. ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు.

రామలింగయ్య ఆ అంచు మీద వేలితో నిమిరి చూశాడు. "హైమవతి ముట్టుకోలేదు. ఎక్కడో నారాయణపేటలో కూర్చున్న ఆడపిల్ల చేసింది," అన్నాడు తనలో తాను. తర్వాత అందరికీ వినపడేలా, "దీనికి మూతేందిరా! ఆ కంపెనీ ఆయనకు కాఫీ ఇప్పించి బస్సెక్కించండి," అన్నాడు.

అప్పుడు మార్కండేయులు ఇంకో పని చేశాడు. ఏడుపు సన్నాయి విని డబ్బు వేసినవాళ్లందరికీ ఆ పేజీ ద్వారా విడివిడిగా జాబు రాశాడు. "మీకు చెప్పింది అబద్ధం. అంచు చావట్లేదు. అది బతికి, ఇంకా పెరగాలని అడుగుతున్నాం. ఇష్టం లేకపోతే మీ డబ్బు వెనక్కి తీసుకోండి," అని అందులో ఉంది. కొందరు తీసుకున్నారు. ఎక్కువమంది ఉంచారు. ఒకాయన ఉంచడమే కాక, ఇంతకు ముందు వేసిన దానికి ఇంకో అంత కలిపాడు. చావబోయేదాని మీద జాలి పడి ఇచ్చాను, బతికేదాని మీద నమ్మకంతో ఇస్తున్నానని రాశాడు.

పేజీలోని రాత కూడా మార్కండేయులే మళ్లీ రాశాడు. అంచు ఏం చేస్తుందో రాశాడు. ఏం చేయలేదో కూడా రాశాడు. ఎవరెవరు ఏ ఊళ్ల నుంచి దీనికి చేయి వేశారో పేర్లతో సహా రాశాడు. "ఫోనులోకి తేవడానికి ఏడాది పడుతుందని అనుకుంటున్నాం. కాకపోతే ఎందుకు కాలేదో మీకు చెబుతాం," అని ముగించాడు. హైమవతి చదివి, ఎక్కడా దిద్దలేదు.

ఊరివాళ్లు ఆటో ఆపి మరీ అడిగి తెలుసుకున్నారు. నేతగాళ్లు తలా కాస్త వేశారు. నాంచారమ్మ వేసింది. మంగళగిరి నుంచీ గద్వాల నుంచీ, అంచు వాడుకుంటున్నా ఇన్నాళ్లూ పలకని వాళ్లు పలికారు. అది వరదలా వచ్చిపడలేదు. కాలవ నీరు చేలోకి పాకినట్టు రోజూ కొంత, రోజూ కొంత వచ్చింది. నలభై నాలుగో రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, అనుకున్న మొత్తం చేరింది. దానికి మించి పెద్దగా వచ్చింది కూడా ఏమీ లేదు.

హైమవతి ఆ అంకె చూసి కంచం ముందే కూర్చుండిపోయింది. తర్వాత కాలేజీకి ఏడాది సెలవు చీటీ రాసింది. తండ్రి కొత్తగా బాగైన కళ్లతో ఆ చీటీ చదివి, "మంచి పని చేశావమ్మా," అన్నాడు. మార్కండేయులు గుమ్మంలో నిలబడి, ఒక్క మాట కూడా కలపకుండా, చెవుల దాకా నవ్వుతున్నాడు. సాలిపేటలో ఆ రోజు అంత సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు.

కాబట్టి మనం తెలుసుకోవలసింది ఇదీ: మంచి పనికి నలుగురి సాయం కోరేటప్పుడు దాని విలువనూ లోటునూ ఉన్నదున్నట్టు చెప్పి అడగాలి, భయపెట్టి అడిగితే నాలుగు రోజుల జాలి దొరుకుతుంది, నిజం చెప్పి అడిగితే నిలిచే తోడు దొరుకుతుంది.